కీమో రోజుల్లో అడుగుల లెక్క: ఫోన్ ఆసరాతో నడిపిన ఒక రిహాబ్ కేసు

ఆమెకు 54 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల టీచర్. ఎడమ రొమ్ములో క్యాన్సర్, రెండో దశ. రొమ్మును, చంకలోని లింఫ్ గ్రంథులను ఆపరేషన్ చేసి తీసేశారు. తర్వాత మూడు వారాలకోసారి చొప్పున నాలుగుసార్లు డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు కలిపి (వాడుకలో ఏసీ అంటాం), ఆపైన వారం వారం పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు 12 డోసులు, చివర్లో 15 విడతల రేడియేషన్ ఇవ్వాలని ఆంకాలజిస్ట్ (క్యాన్సర్ డాక్టర్) నిర్ణయించారు. ఆపరేషన్ అయిన పంతొమ్మిదో రోజున, చెయ్యి పైకి లేవడం లేదని నా దగ్గరికి పంపారు.

నేను క్యాన్సర్ విభాగంలో పనిచేసే ఫిజియోథెరపిస్టును. ఆమె అనుమతితో, ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసు రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. దాన్ని సరిదిద్దుకునే క్రమంలో దొరికిన పద్ధతి ఒకటి ఉంది. ఆ తప్పు ఇంకెవరూ చేయకూడదని, ఆ పద్ధతి తోటి ఫిజియోలకూ నర్సులకూ పనికొస్తుందని నా నమ్మకం.

మొదటి రోజు పరీక్షలో ఎడమ చెయ్యి ముందు నుంచి 110 డిగ్రీల వరకే లేచింది, పక్క నుంచి 95. చంక నుంచి మోచేతి వైపు చర్మం కింద రెండు తాళ్లలా బిగుసుకుని కనిపించాయి. గ్రంథులు తీసిన తర్వాత చాలామందిలో వచ్చేదే, సరిగా సాగదీస్తే తగ్గేదే. అయితే రేడియేషన్ మొదలయ్యేనాటికి ఆ చెయ్యి తల పైకి చేరి, కదలకుండా నిలవాలి. ఆరు నిమిషాల నడక పరీక్షలో 430 మీటర్లు నడిచారు. 30 సెకన్లలో కుర్చీ నుంచి 12 సార్లు లేచి కూర్చున్నారు. నీరసాన్ని కొలిచే ఫాసిట్ ప్రశ్నావళిలో 52కి 38 వచ్చింది. అందులో అంకె ఎంత ఎక్కువైతే నీరసం అంత తక్కువ అన్నట్టు.

ఆమె ఇంటి నుంచి ఆసుపత్రికి రానూపోనూ అయిదు గంటల ప్రయాణం. తెల్లరక్తకణాలు పడిపోయే రోజుల్లో వ్యాయామం కోసం అంత దూరం జనం మధ్య రమ్మనడం న్యాయం కాదు. అందుకే ఫోన్ మీద ఆధారపడదామనుకున్నాం.

ఏం వాడామంటే

గొప్ప సాంకేతికత ఏమీ లేదు. కూతురు వాడి పక్కన పెట్టిన చేతి వాచీ ఒకటి ఉంది. అడుగులు, పొద్దున లేవగానే ఉండే గుండె వేగం అది చూపిస్తుంది. దాన్ని కుడి చేతికి పెట్టమన్నాను, ఆపరేషన్ జరిగిన వైపు చేతికి బిగుతుగా ఏదీ కట్టకూడదని. రోజూ సాయంత్రం ఫోన్ యాప్‌లో నింపడానికి అయిదు ప్రశ్నల ఫారం: నీరసం, వాంతి, నొప్పి, తిమ్మిరి, ఊపిరి ఆడటం. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన ప్రో-సీటీసీఏఈ ప్రశ్నల బ్యాంకులో 78 లక్షణాలకు 124 ప్రశ్నలున్నాయి. అన్నీ అడిగితే ఎవరూ నింపరు. ఆ ధోరణిలోనే ఆమె మందులకు తగ్గవి మాత్రం ఏరుకున్నాం. ప్రతి ఆదివారం గోడ పక్కన నిలబడి, ఎత్తగలిగినంత పైకి చెయ్యెత్తి ఒక ఫొటో. పదిహేను రోజులకోసారి వీడియో కాల్. అంతే.

ఫొటో గురించి ఒక మాట. గోడ మీద ఒక స్టిక్కర్, నేల మీద పాదాలు పెట్టే చోట ఒక గీత. ఫోన్ ఎప్పుడూ అదే బల్ల మీద, అదే ఎత్తులో. ఇవి స్థిరంగా లేకపోతే ఈ వారం కోణం పెరిగిందా, కెమెరా జరిగిందా అన్నది తేలదు. ముఖం ఫ్రేములోకి రాకూడదని, చేతుల్లేని వదులు బట్టలు వేసుకోవాలని ముందే చెప్పాం. రొమ్ము తీసేసిన స్త్రీని ఫొటో అడుగుతున్నామని మనకు గుర్తుండాలి. ఎవరు చూస్తారో, ఎక్కడ దాస్తారో, ఎప్పుడు తీసేస్తారో చెప్పి, సరేనన్నాకే మొదలుపెట్టాలి.

వాచీని నమ్మే ముందు చిన్న పరీక్ష చేశాం. నోటితో లెక్కపెట్టుకుంటూ నూరు అడుగులు, నీరసంగా ఉన్నప్పుడు నడిచే వేగంతో నడవమన్నాను. వాచీ 93 చూపింది. భుజానికి తగిలించుకున్న సంచిలోని ఫోన్ 71 చూపింది. నెమ్మదిగా నడిచేవాళ్ల అడుగులు ఈ పరికరాలకు సరిగా అందవు. పేషెంటు బాగా నడిచినా పరికరం "నడవలేదు" అంటే ఆ మనిషి మనసు ఎంత విరిగిపోతుందో చూశాను కాబట్టి, ఈ నూరడుగుల పరీక్ష లేకుండా ఇప్పుడు ఎవరికీ లెక్క మొదలుపెట్టను.

నా తప్పు

మొదటి వారం ఏ గమ్యమూ పెట్టకుండా చూశాం. సగటున రోజుకు 4,200 అడుగులు. కాస్త పెంచుదామని రోజుకు 4,500 అని వాచీలో పెట్టాను. రోజూ అదే అంకె. కీమో రోజుకూ అదే, కీమో తర్వాతి రోజుకూ అదే. అప్పట్లో నా ఆలోచనంతా "పదివేలు చాలా ఎక్కువ, ఈమెకు తగిన అంకె పెట్టాలి" అన్నంత వరకే వెళ్లింది. ఆ పదివేల అంకె కూడా వైద్యం నుంచి పుట్టింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరుకు పెట్టిన "మాన్‌పో-కెయ్" అన్న పేరు నుంచి ప్రచారంలోకి వచ్చింది, దాని అర్థమే పదివేల అడుగుల మీటరు. అంకె తగ్గించగానే నా పని అయిపోయిందనుకున్నాను.

మొదటి ఏసీ అయిన మూడో రోజు ఆమెకు మూడుసార్లు వాంతులయ్యాయి. రాత్రి తొమ్మిదింటికి వాచీలో 2,900 ఉంది. లేచి ఇంట్లోనే అటూ ఇటూ నడవడం మొదలుపెట్టారు. కాసేపటికి కళ్లు తిరిగి, గోడ పట్టుకుని అక్కడే చతికిలబడ్డారు. మర్నాడు పొద్దున కూతురు ఫోన్ చేసింది. దగ్గరి ఆసుపత్రిలో చూపిస్తే బీపీ తక్కువగా ఉంది, ఒంట్లో నీరు తగ్గిందని సెలైన్ ఎక్కించారు. దెబ్బ తగల్లేదు. తగిలి ఉండవచ్చు.

"ఎందుకు లేచారమ్మా అంత ఓపిక లేనప్పుడు?" అని అడిగాను.

"తొమ్మిది రోజులు వరసగా పచ్చ టిక్కు పడింది మేడం. పదో రోజు తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుందట. పైగా మీరు చూస్తుంటారు కదా, చెయ్యలేదనుకుంటారని."

ఆ చివరి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆమెకు తోడుగా ఉండాలని పెట్టిన లెక్క, ఆమె మీద పరీక్షాధికారిగా మారింది. ముప్పై ఏళ్లు పిల్లల చేత లెక్కలు తప్పకుండా చేయించిన మనిషి. అంకె ఎదురుగా ఉంటే వదలరు. అది నేను ముందే పసిగట్టి ఉండాల్సింది.

పోయినసారి ఇదే రోజు

ఆ సైకిల్లో (ఒక కీమో నుంచి తర్వాతి కీమో దాకా ఉండే 21 రోజులను సైకిల్ అంటాం) మిగిలిన 17 రోజులు గమ్యం తీసేశాను. పచ్చ టిక్కు, వరస లెక్క, గంట గంటకూ "లేచి నడవండి" అనే నోటిఫికేషన్ అన్నీ ఆపించాను. వాచీ పెట్టుకోండి, అంకె చూడకండి, మీకు తోచినట్టు నడవండి అన్నాను. 21 రోజులయ్యేసరికి గ్రాఫులో ఒక లోయ కనిపించింది. గమ్యం తీసేశాక నాలుగో, అయిదో రోజుల్లో 1,300 నుంచి 1,900 మధ్య. ఏడో రోజుకు 2,800. పన్నెండో రోజుకు 3,400. పదిహేనో రోజు దాటాక 4,000 పైన.

కీమో సైకిల్‌కు ఒక లయ ఉంటుంది. ముందు వాంతులు, నీరసం. ఆ తర్వాత రెండో వారంలో తెల్లరక్తకణాలు పాతాళానికి దిగడం. మూడో వారంలో ఒళ్లు తేరుకోవడం. వారం వారం పది శాతం పెంచుకుంటూ పోయే మామూలు ఫిట్‌నెస్ పద్ధతికి ఈ లయతో పొంతన లేదు. ఇవాళ నిన్నటికంటే తగ్గిందా అని చూస్తే, కీమో తీసుకునే మనిషికి నెలలో సగం రోజులు ఓటమే. అందుకని రెండో సైకిల్ నుంచి పోలిక మార్చాం. సైకిల్ నాలుగో రోజును పోయిన సైకిల్ నాలుగో రోజుతో, పన్నెండో రోజును పన్నెండో రోజుతో. లెక్కల టీచర్‌కు ఇది ఒక్క నిమిషంలో అర్థమైంది. "యూనిట్ టెస్ట్ మార్కుల్ని యూనిట్ టెస్ట్‌తోనే పోల్చాలి, వార్షిక పరీక్షతో కాదు కదా మేడం" అన్నారు.

దానితోపాటు, మొదటి అయిదు రోజులకు గమ్యానికి బదులు హద్దు పెట్టాం. 2,000 దాటితే "ఇవాళ్టికి చాలు, కూర్చోండి" అని కూతురి ఫోన్‌కు మెసేజ్ వెళ్లేది. ఆ రోజుల్లో అయిదేసి నిమిషాల నడక నాలుగుసార్లు, పడుకుని పాదాలు ఆడించడం, గోడ మీద వేళ్లతో పాకిస్తూ చెయ్యి ఎత్తడం మాత్రమే. ఆరో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు ఇంటి ఆవరణలోనే పది నిమిషాల చొప్పున రెండుసార్లు. మూడో వారంలో ఇరవై నుంచి ముప్పై నిమిషాల నడక, వారానికి రెండుసార్లు ఎలాస్టిక్ బ్యాండుతో కండరాల వ్యాయామం. శ్రమను బోర్గ్ స్కేలు మీద చెప్పించాం. 6 అంటే అసలు శ్రమే లేదు, 20 అంటే ఇక చేతకాదు. మూడో వారంలో కూడా 13 దాటొద్దన్నాను.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2019లో ఇచ్చిన సిఫార్సుల్లో క్యాన్సర్ పేషెంట్లకు వారానికి మూడుసార్లు అరగంట చొప్పున ఓ మోస్తరు వ్యాయామం, రెండుసార్లు కండరాల వ్యాయామం అని ఉంది. మంచి దిక్సూచి. మూడో వారంలో దాని దగ్గరికి వెళ్లగలిగాం. మూడో రోజున దాన్ని పట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో మొదటి సైకిల్లోనే చూశాను.

చంక గ్రంథులు తీసిన చేతితో బరువు ఎత్తితే వాపు వస్తుందని ఆమె భయం, ఇంట్లోవాళ్ల భయం కూడా. 2009లో క్యాథరిన్ ష్మిట్జ్ బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం, వాపు ఉన్న స్త్రీలలో కూడా పర్యవేక్షణలో నెమ్మదిగా పెంచుకుంటూ పోయే బరువుల వ్యాయామం వాపును పెంచలేదని చూపింది. ఆ సంగతి వివరంగా చెప్పి, అతి తేలిక బ్యాండుతో మొదలుపెట్టాం. మణికట్టు నుంచి నాలుగు సెంటీమీటర్లకోసారి టేపుతో కొలవడం కూతురికి నేర్పాను. రెండు చేతుల మధ్య తేడా ఎక్కడా 1.1 సెంటీమీటర్లు దాటలేదు.

మూడో సైకిల్, పన్నెండో రోజు

పద్ధతి మార్చడం వల్ల ఏం ఒరిగిందో ఇక్కడ తెలిసింది.

మొదటి సైకిల్ పన్నెండో రోజున 3,400. రెండో సైకిల్లో 3,300. మూడో సైకిల్లో 1,900. పదకొండో రోజు కూడా అలాగే ఉంది. పొద్దున గుండె వేగం మామూలుగా 78 ఉండేది, రెండు రోజులుగా 96. ఫారంలో నీరసం పదికి ఆరు, ఊపిరి దగ్గర "కొంచెం" అని ఉంది. జ్వరం లేదు. ఆ ముందు రోజుతో మాత్రమే పోల్చి ఉంటే, "కీమో కదా, ఉంటుందిలే" అని నేనే అనుకునేదాన్ని.

ఫోన్ చేశాను. మణికట్టు మీద వేళ్లు పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టమంటే 98 అన్నారు. అంటే వాచీ తప్పు కాదు. పిక్కలో వాపు, నొప్పి ఉందా, ఛాతీలో నొప్పి ఉందా అని అడిగాను. లేవన్నారు. మెట్లెక్కితే సగంలో ఆగాల్సి వస్తోందని, రెండు రోజుల నుంచి అలాగే ఉందని అప్పుడు చెప్పారు. "మరి ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే, "అందరికీ ఇలాగే ఉంటుందేమోననుకున్నా" అన్నారు.

అదే రోజు ఆంకాలజిస్ట్ పిలిపించారు. హిమోగ్లోబిన్ 7.6కు పడిపోయింది. డాక్సోరుబిసిన్ గుండె కండరాన్ని దెబ్బతీయగల మందు కాబట్టి ఈసీజీ, ఎకో కూడా తీశారు, రెండూ బాగున్నాయి. రక్తం ఎక్కించారు. మూడు రోజులు వ్యాయామం పూర్తిగా ఆపాం, ఆ తర్వాత మెల్లగా మళ్లీ. నాలుగో సైకిల్ వారం ఆలస్యం కాకుండా అనుకున్న రోజుకే జరిగింది.

లక్షణాలను ఫోన్ ద్వారానో కంప్యూటర్ ద్వారానో ఎప్పటికప్పుడు చెప్పించడం గురించి ఈథన్ బాష్ బృందం 2017లో జామా అనే వైద్య పత్రికలో ప్రచురించిన ఫలితం మా రంగంలో చాలామందికి తెలుసు. ముదిరిన క్యాన్సర్లకు కీమో తీసుకుంటున్న 766 మందిలో, అలా లక్షణాలు తెలియజేసినవాళ్లు మధ్యస్థంగా (మీడియన్, అంటే వరసలో సరిగ్గా మధ్యనున్న మనిషి లెక్కన) 31.2 నెలలు, మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లు 26 నెలలు జీవించారు. అది వ్యాయామం మీద చేసిన అధ్యయనం కాదు, మా పేషెంటుది ముదిరిన దశా కాదు. అయితే అక్కడ లక్షణం తీవ్రమైతే నర్సుకు కబురు వెళ్లేది. చెప్పిన మాట వినడానికి అవతల ఒక మనిషి ఉండటం అన్నదే నేను ఆ అధ్యయనం నుంచి తీసుకున్నది.

అందుకే మా దగ్గర ఆ మనిషి ఎవరన్నది మొదటే రాసిపెట్టుకున్నాం. పొద్దున తొమ్మిదింటికి నేను, సాయంత్రం అయిదింటికి కీమో నర్సు. ఒక్కో పేషెంటుకు రెండు నిమిషాలకు మించదు. ఆ తర్వాత రాత్రి ఫారంలో ఏం రాసినా పొద్దుటి దాకా ఎవరూ చూడరని ఆమెకు స్పష్టంగా చెప్పాం. 38 డిగ్రీల (100.4 ఫారెన్‌హీట్) జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం, ఒక కాలు వాపు: ఈ నాలుగింటికీ యాప్ జోలికే వెళ్లొద్దు, నేరుగా ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయాలి. పెద్ద అక్షరాలతో ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించారు. ఎవరు చూస్తారో తేల్చకుండా పేషెంటు చేతిలో యాప్ పెట్టడం ప్రమాదకరం. చెప్పేశాను కదా, డాక్టర్లు చూసే ఉంటారు అని వాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు.

ఫోన్ చూడలేకపోయింది

పాక్లిటాక్సెల్ మొదలయ్యాక అడుగుల గ్రాఫు బాగుపడింది. వాంతులు లేవు, రోజూ 4,000 పైనే. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఫారంలో తిమ్మిరి దగ్గర ప్రతిరోజూ "కొంచెం" అని వస్తోంది, పెరగడం లేదు.

ఏడో డోసు తర్వాత వీడియో కాల్‌లో చొక్కా గుండీ పెట్టి చూపించమన్నాను. రెండుసార్లు జారిపోయింది. ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడమంటే నాలుగు సెకన్లకే ఒరిగిపోయారు, కూతురు పట్టుకుంది. కాళ్లకు చెప్పులున్నాయో జారిపోయాయో తెలియడం లేదని, ఆ వారంలో రెండుసార్లు గడప తగిలి తూలానని అప్పుడు చెప్పారు. అడుగులు మాత్రం రోజుకు 4,300. ఎన్ని వేశారో వాచీకి తెలుసు. ఎలా వేశారో తెలియదు.

తిమ్మిరి ఎంత ఉందని మాత్రమే అడిగాం, అది పనులకు ఎంత అడ్డం వస్తోందని అడగలేదు. నెమ్మదిగా పెరిగే తిమ్మిరికి మనిషి అలవాటుపడిపోయి నిన్నటిలాగే ఉందంటారు. ఆ వెంటనే ఫారంలో రెండు ప్రశ్నలు చేర్చాం: ఇవాళ గుండీలు, తాళం, పెన్ను పట్టుకోవడంలో ఇబ్బంది పడ్డారా? తూలారా? ఆంకాలజిస్ట్‌కు తెలియజేశాం. తిమ్మిరి తెచ్చేది ఆ మందే కాబట్టి ఆయన పరీక్షించి ఒక డోసు మానేసి, చివరి మూడింటికి మోతాదు తగ్గించారు. మేం ఆరుబయట నడక తగ్గించి, వంటగది గట్టు పట్టుకుని నిలకడ వ్యాయామాలు పెట్టాం. ఇంట్లో కూడా వెనక పట్టీ ఉన్న చెప్పులు, రాత్రిపూట బాత్రూమ్ దారిలో చిన్న లైటు, రోజూ రాత్రి అరికాళ్లు కళ్లతో చూసుకోవడం.

రెండు వారాలకోసారి పెట్టుకున్న వీడియో కాల్‌ను, గ్రాఫు బాగుంది కదా అని ఆ నెలలో మానేద్దామని ఒక దశలో అనుకున్నాను. మానేసి ఉంటే ఇది ఎప్పుడు బయటపడేదో.

నింపని రోజులు

కీమో నడిచిన 168 రోజుల్లో ఆమె 142 రోజులు ఫారం నింపారు. మొదట్లో నేను ఈ అంకె చూసి సంతోషించాను. తర్వాత ఆ ఖాళీ 26 రోజులు ఎక్కడున్నాయో చూస్తే, 14 రోజులు ఏసీ తర్వాతి రెండో రోజు నుంచి అయిదో రోజు మధ్యే ఉన్నాయి. అంటే మనిషి ఎక్కువ బాధపడుతున్న రోజులే లెక్కలో లేవు. నీరసంగా ఉన్న మనిషి తన నీరసం గురించి అయిదు ప్రశ్నలకు జవాబు రాయాలని మేం ఆశించాం.

ఆ తర్వాత ఫారం పైన ఒక పెద్ద బటన్ పెట్టాం: "ఇవాళ ఓపిక లేదు". అదొక్కటి నొక్కితే చాలు. వరసగా రెండు రోజులు అది నొక్కినా, అసలు ఏమీ రాకపోయినా నర్సు ఫోన్ చేస్తుంది. ఎందుకు నింపలేదని అడగకూడదు, ఎలా ఉన్నారని అడగాలి. నర్సుతో ఈ ఒక్క వాక్యం మీద మేం కూర్చుని మాట్లాడుకున్నాం.

అంకెలు, వాటి హద్దులు

ఏసీ నాలుగు విడతలూ అయ్యేనాటికి ఫాసిట్ స్కోరు 38 నుంచి 27కు పడింది. పాక్లిటాక్సెల్ ముగిసేసరికి 31. రేడియేషన్ పూర్తయిన ఎనిమిది వారాలకు 42. ఆరు నిమిషాల నడక 430 నుంచి 405కు తగ్గి, చివరికి 468 మీటర్లకు వచ్చింది. కుర్చీ పరీక్ష 12, తర్వాత 11, చివరికి 15. చెయ్యి 110 డిగ్రీల నుంచి 165కు చేరింది. రేడియేషన్ ప్లానింగ్ రోజున చెయ్యి తలపైకి పెట్టడానికి ఇబ్బంది పడలేదు. ఆ ఆదివారపు ఫొటోలు వరసగా పేర్చి చూపిస్తే చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. ఏ గ్రాఫూ ఆమెకు అంత నచ్చలేదు.

ఇదంతా ఫోన్ వల్లే జరిగిందని నేను అనను. కీమో అయిపోయాక చాలామంది తమంతట తామే తేరుకుంటారు. పక్కనే ఉండి టేపు పట్టుకుని, ఫోన్ ఛార్జింగ్ పెట్టి, గోడ మీద స్టిక్కర్ ఊడితే మళ్లీ అతికించిన కూతురు లేకపోతే ఇందులో సగం పని జరిగేది కాదు. అలాంటి మనిషి ఇంట్లో లేనివాళ్లకు ఇదే పద్ధతి ఇలాగే పెట్టాలని చూడకండి. వాళ్లకు వారానికి రెండు ఫోన్ కాల్సే మంచి పరికరం.

ఇప్పుడు మా విభాగంలో కీమో పేషెంటుకు వాచీ ఇచ్చాక మొదటి సైకిల్ అంతా గమ్యం లేకుండా చూస్తున్నాం. రెండో సైకిల్ నుంచే పోలిక. ఇద్దరికి ఆ పోలికలో ఏ లయా దొరకలేదు. ఒకరికి మందు మధ్యలో మారింది, ఇంకొకరు వాచీ రెండు రోజులు పెట్టుకుంటే మూడు రోజులు తీసేసేవారు. వాళ్లను పాత పద్ధతిలోనే, ఫోన్లో పలకరించుకుంటూ చూసుకున్నాం.

ఎనిమిది వారాల చెకప్‌కు వచ్చినప్పుడు ఆమె వాచీ తీసి బల్ల మీద పెట్టారు. "ఇక ఇది పిల్లకే ఇచ్చేస్తా మేడం. బడికి వెళ్తున్నా కదా, మెట్లే సరిపోతాయి." ఎన్ని మెట్లని అడిగాను. స్టాఫ్ రూముకు ముప్పై నాలుగట. ఆగకుండా ఎక్కుతున్నానన్నారు. కాలి వేళ్ల చివర తిమ్మిరి ఇంకా ఉంది. పాదం ముందు పాదం పెట్టి ఇప్పుడు 18 సెకన్లు నిలబడగలుగుతున్నారు. ఫారంలో ఆ రెండు ప్రశ్నలు మాత్రం ఉంచి, మిగిలినవి తీసేశాం. వారానికోసారి, ఆదివారం ఫొటోతో పాటు పంపుతారు. మళ్లీ మూడు నెలలకు చూస్తాను.